ఇంజను ఆగిన పంపు ఆగవలెను



ఈ దినము నేను మీతో ముచ్చటింపబోవునది పాత పికప్పు ట్రక్కులను గూర్చి. అందును, వానికి పెట్రోలు నందించు విద్యుత్ పంపును గూర్చి. ఇంకను సూక్ష్మముగా చెప్పవలెనన్నచో, ఆ పంపు ఎప్పుడు తిరుగకూడదో దానిని గూర్చి. అమెరికాలో, ముఖ్యముగా టెక్సాసు వంటి రాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగువారిలో, పాత చెవ్రోలె, ఫోర్డు బండ్లను కొని సెలవు దినములలో వానిని స్వహస్తములతో బాగుచేసికొని, ఆదివారము సాయంకాలము పిల్లలను ఎక్కించుకొని త్రిప్పుటయందు వేడుక గలవారు లేకపోలేదు. అట్టివారికి ఈ ప్రసంగము పనికివచ్చును. ఆ వేడుక లేనివారికిని, యంత్రమునందు ఒక చిన్న మార్పు చేసినప్పుడు మనకు తెలియకుండ ఏమేమి పోగొట్టుకొందుమో వినుట కాలక్షేపముగా నుండవచ్చును.

మన వైపు లారీ యనగనే డీజిలు ఇంజను మనస్సున మెదలును. నేను చెప్పునది అది కాదు. పెట్రోలుతో నడచునది, ముందు ముగ్గురు కూర్చుండు క్యాబు, వెనుక సామాను వేయు తొట్టి గల అమెరికను పికప్పు. మాటకు ఆధారముగా నుండుటకు ఒక్క బండిని తీసికొందము: 1967 మొదలు 1972 వరకు వచ్చిన చెవ్రోలె సి-10, ఎనిమిది సిలిండర్ల ఇంజను గలది.

ఈ బండి కర్మాగారము నుండి వెలువడిననాడు దీనికి విద్యుత్ పంపు లేదు. ఇంజనునకు ముందువైపున, కుడి ప్రక్కన, క్రిందుగా ఒక చిన్న లోహపు డిప్ప బిగించియుండెడిది. దాని లోపల ఒక పలుచని రబ్బరు పొర. ఇంజనులోని క్యాము షాఫ్టు తిరిగినప్పుడెల్ల ఒక కడ్డీ వచ్చి పంపు మీటను త్రోయును. మీట పొరను కదల్చును. పొర ట్యాంకు నుండి పెట్రోలును పీల్చి కార్బురేటరునకు పంపును. ఇంజను తిరిగిన పంపు తిరుగును. ఇంజను ఆగిన పంపు ఆగును. ఈ రెండవ మాటను శ్రోతలు జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఇంజను ఆగిన పంపు ఆగును. దీనికై ఎవరును వేరొక పరికరమును కల్పింపలేదు. ఆ నిర్మాణమునందే ఆ కాపుదల సహజముగా ఇమిడియుండినది. సహజముగా నుండినది గనుకనే దానిని ఎవరును గుర్తింపలేదు.

అట్టి పంపును తీసివేసి విద్యుత్ పంపును పెట్టుటకు గల కారణములు న్యాయమైనవే. పక్షమున కొకసారి కదలెడు బండిలో కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు ఆవిరియైపోవును. అప్పుడు స్టార్టరును ఎంతోసేపు త్రిప్పిననే గాని పాత పంపు ట్యాంకు నుండి పెట్రోలును తెచ్చి గిన్నె నింపలేదు. వేసవియందు ఇంజను వేడికి గొట్టములోనే పెట్రోలు ఆవిరిగా మారి, పీల్చెడు పంపునకు ఆవిరి తప్ప ద్రవము చిక్కక, బండి నడివీథిలో నిలిచిపోవును. రబ్బరు పొర చినిగినచో పెట్రోలు ఇంజను ఆయిలులోనికే దిగును. విద్యుత్ పంపును ట్యాంకునకు దగ్గరగా, క్రిందుగా, చట్రమునకు బిగించినచో, అది పెట్రోలును వెనుక నుండి త్రోసికొనివచ్చును గనుక ఈ బాధలు చాలవరకు తీరును. కార్బురేటరు భరింపగలిగినంత అల్పమైన ఒత్తిడి గల పంపునే ఎన్నుకొనవలెను. నాలుగు మొదలు ఏడు పౌండ్ల లోపల నున్న చాలును. ఇంతవరకు అందరును చేయుదురు. వైరు లాగి, తాళము త్రిప్పగనే పంపు మ్రోగుట విని, సంతోషించి, బానెట్టు మూసివేయుదురు.

చిక్కంతయు అక్కడనే ఉన్నది.

విద్యుత్ పంపునకు ఇంజను తిరుగుచున్నదో లేదో తెలియదు. దానికి తెలిసినది కరెంటు ఒక్కటియే. తాళము త్రిప్పియున్నంతసేపు అది పెట్రోలును త్రోయుచునే యుండును. బండి చెట్టునకు గ్రుద్దుకొని ఇంజను చచ్చిపోయినను త్రోయును. గొట్టము తెగి, కాలుచున్న ఎగ్జాస్టు గొట్టముపై పెట్రోలు పడుచున్నను త్రోయును. నడుపువాడు స్పృహతప్పి స్టీరింగుపై వ్రాలియున్నను త్రోయును. మన పల్లెలలో రాత్రివేళ పొలమునకు మోటారు వేసి, రైతు కొంచెము కునుకు తీసిన సమయమున పైపు పగిలినచో, నీరు మడికి పోక డొంకపాలగుచుండగా మోటారు మాత్రము తన పని తాను నిర్విచారముగా చేసికొనుచునే యుండును గదా, ఇదియు అట్టిదే. అక్కడ పోయినది నీరు గనుక రైతు తెల్లవారి విసుగుకొని ఊరకుండును. ఇక్కడ పోవునది పెట్రోలు.

కార్బురేటరు గిన్నె నిండి, సూది కవాటము మూసికొనగనే పంపు తనంతట ఆగునుగదా యని కొందరు వాదింతురు. కొన్ని రకముల పంపులు అట్లు ఆగుట నిజమే. పాత మోరిస్ మైనరు కారు ఎరిగిన పెద్దలకు, తాళము త్రిప్పగనే టిక్కు టిక్కుమను శబ్దము వినవచ్చి, క్రమముగా మందగించి ఆగిపోవుట జ్ఞాపకముండును. కాని అది ఆగునది ఎదుట గిన్నె నిండి, ఒత్తిడి తిరిగి తగిలినప్పుడు. తెగిన గొట్టమునకు నిండుట యనునది లేదు. అందుచే ఆ పంపు అలుపులేక కొట్టుచునే యుండును. ఈ తరహా బండ్లకు సామాన్యముగా వాడు పంపులలో గంటకు 30 గ్యాలనులు త్రోయునవి కలవు. అనగా నిమిషమునకు అర గ్యాలను, మన లెక్కలో రెండు లీటర్లకు కొంచెము తక్కువ. సహాయమునకు జనులు పరుగెత్తుకొని వచ్చులోపల ఎన్ని నిమిషములు గడచునో మీరే ఊహింపుడు.

ఇంకొక విశేషము. నేను చెప్పిన ఈ సి-10 బండిలో పెట్రోలు ట్యాంకు ఎక్కడ ఉన్నదో తెలియునా? క్యాబు లోపల, సీటు వెనుక. నడుపువాని వీపునకును, ఇంచుమించు 20 గ్యాలనుల పెట్రోలునకును నడుమ సీటు ఒక్కటియే అడ్డము. 1973 నమూనాలోగాని ఆ సంస్థ ట్యాంకును క్యాబు వెలుపలికి తరలింపలేదు. ఢీకొన్నప్పుడు పెట్రోలు కారరాదని అమెరికా ప్రభుత్వము 1968లో ఒక ప్రమాణమును విధించినను, ఆనాడది ప్రయాణికుల కార్లకే. పికప్పులు దాని క్రిందికి రాలేదు. కనుక ఈ బండిలో మీకు చట్టము చేసిపెట్టిన రక్షణ ఏదియు లేదు. ఉన్న సహజ రక్షణ ఒక్కటి, పాత పంపుతో పాటు మీరే విప్పి పనిబల్లపై పెట్టినారు. దానిని మరల కల్పించుట మీ బాధ్యత. నేను దీనిని అదనపు సౌకర్యముగా ఎంచను. అప్పు తీర్చుటగా ఎంచుదును.

డాష్‌బోర్డు క్రింద ఒక మీట స్విచ్చి పెట్టి, అవసరమైనప్పుడు కట్టివేయుదుమని సమాధానపడువారు కలరు. దొంగలను మోసగించుటకు ఆ స్విచ్చి మంచిదే. ప్రమాదమునకు అది ఎందుకును కొరగాదు. ఏలనగా, దానిని నొక్కవలసిన చేయి ఆ క్షణమున నొక్కగల స్థితిలో నుండదు. మనిషి చేయి అక్కరలేకుండ తనంతట తెగునదియే రక్షణ. ఈ మాటను మరల చెప్పుచున్నాను: తనంతట తెగునదియే రక్షణ.

అట్టివి రెండు కలవు. మొదటిది ఆయిలు ఒత్తిడిని చూచునది. రెండవది దెబ్బను చూచునది.

మొదటి దానిని విచారింతము. ఇంజను తిరుగుచున్నదనుటకు నమ్మదగిన సాక్షి దాని ఆయిలు ఒత్తిడి. తిరిగినంతసేపు ఒత్తిడి యుండును. ఆగిన కొలది క్షణములలో పడిపోవును. కావున ఆయిలు ఒత్తిడి యున్నప్పుడు మాత్రమే కరెంటును పోనిచ్చు ఒక స్విచ్చిని పంపు దారిలో నిలిపినచో, ఇంజను ఆగిన పంపు ఆగును. చూచితిరా, పాత పంపు గుణము తిరిగి వచ్చినది. ఇది క్రొత్త యూహయు కాదు. చెవ్రోలె సంస్థయే 1971 నమూనాగా తెచ్చిన వేగా కారులో ట్యాంకు లోపల విద్యుత్ పంపును అమర్చి, దానిని ఆయిలు ఒత్తిడి స్విచ్చికి ముడిపెట్టినది.

సందేహము వెంటనే పుట్టును. ఇంజను తిరిగిననే గాని ఒత్తిడి రాదు. ఒత్తిడి వచ్చిననే గాని పంపు తిరుగదు. పంపు తిరిగిననే గాని ఇంజను తిరుగదు. మరి మొదట ఎట్లు? ఇందుకే ఆ స్విచ్చికి మూడు కొనలుండును. ఒత్తిడి లేని వేళ పంపు కొన, స్టార్టరు నుండి వచ్చు వైరుతో కలిసియుండును. ఒత్తిడి వచ్చినంతనే ఆ కలయిక తెగి, తాళము నుండి వచ్చు వైరుతో కలియును. అనగా మీరు స్టార్టరును త్రిప్పుచున్నంతసేపు పంపునకు స్టార్టరు దారిన కరెంటు వచ్చును. ఇంజను అందుకొని ఒత్తిడి పుట్టగనే దారి మారును. సి-10 లో స్టార్టరుపై నుండు సొలెనాయిడునకు వచ్చు ఊదారంగు వైరే ఈ మొదటి దారి. మూడు కొనల స్విచ్చి దొరకలేదని రెండు కొనల దానిని తెచ్చి, ఊదారంగు వైరును తిన్నగా పంపు వైరుతో అతికినచో ఏమగునో వినుడు: ఇంజను అందుకొనిన తరువాత పంపు వైరులోని కరెంటు వెనుకకు నడచి సొలెనాయిడును చేరును, మీరు తాళమును వదలినను స్టార్టరు వదలక పండ్లు నూరుచునే యుండును. కనుక మూడు కొనలదే కావలెను.

దీనిని బిగించు చోటు ఇంజను వెనుక భాగమున, డిస్ట్రిబ్యూటరు ప్రక్కన, డాష్‌బోర్డులోని ఆయిలు సూచికకై యున్న రంధ్రము. అచ్చట ఇత్తడి త్రిముఖమును పెట్టి, ఒక వైపు సూచికకు, ఒక వైపు స్విచ్చికి ఇత్తురు. అయితే ఇత్తడి అతుకుల మీద అతుకులు పేర్చి పొడవైన కొమ్మగా చేయరాదు. ఇంజను అదురునకు అది మొదట సన్నని గీటుగా పగులును, పిదప విరుగును, విరిగినచో ఆయిలు మొత్తము పోవును. పెట్రోలును కాపాడబోయి ఇంజనును పోగొట్టుకొనుట తెలివి కాదు. పొట్టిగా, బిగువుగా నుండవలెను.

ఈ సాక్షికి ఒక లోపము కలదు. గొట్టము తెగినను, ఇంజను ఇంకను తిరుగుచున్నంతసేపు ఇది పంపును ఆపదు. బండి బోల్తాపడి ఇంజను మ్రోగుచునే యున్నచో ఇది ఏమియు ఎరుగక ఊరకుండును. అందుచేత రెండవది కావలెను.

రెండవది దెబ్బకు తెగు స్విచ్చి. ఫోర్డు సంస్థ 1980 దశకమునందు ఇంధనమును చిమ్ము పద్ధతి గల ఇంజనులను తెచ్చినప్పటి నుండి తన కార్లలోను పికప్పులలోను దీనిని విరివిగా వాడినది గనుక పాత సామానుల అంగళ్ళలో సులభముగా దొరకును. అరచేతిలో ఇమిడెడు ప్లాస్టిక్ డబ్బా. నెత్తిన ఒక బొత్తాము. దానిని విప్పి చూచినచో లోపలి చమత్కారము కనబడును. అడుగున ఒక అయస్కాంతము. దానిపై గరాటు వంటి పల్లము. ఆ పల్లములో ఒక ఉక్కు గుండు. గతుకుల దారిలో ఎంత కుదిపినను అయస్కాంతము గుండును విడువదు. బండి దేనినైన గట్టిగా గ్రుద్దుకొన్నప్పుడు మాత్రము గుండు ఆ పట్టును విదిలించుకొని, గరాటు గోడవెంట పైకి ఎగబ్రాకి, అచ్చట నున్న పలకను తాకును. పలక ఎగిరిన తోడనే కరెంటు తెగును; బొత్తాము పైకి పొడుచుకొని వచ్చును. మరల మనిషి వ్రేలితో అదిమిననే గాని కలియదు. దెబ్బ ఏ ప్రక్క నుండి తగిలినను గుండు ఆ దిక్కునకే పోవును గనుక ముందు వెనుకల భేదము లేదు. ఇంత స్వల్పమైన వస్తువులో ఇంత వివేకమును చూచినప్పుడు నాకు ముచ్చటవేయును.

దీనిని నిటారుగా బిగింపవలెను, బొత్తాము పైకి ఉండునట్లు. పలుచని రేకునకు గాక, క్యాబులోని దృఢమైన భాగమునకు బిగింపవలెను. రేకు అదురు వేరు, బండి తగిలిన దెబ్బ వేరు. ఫోర్డు పికప్పులలో దీనిని ప్రక్క సీటువాని పాదముల దగ్గర పెట్టిరి. మీరును అచ్చటనే పెట్టినచో చేతికందును.

ఇప్పుడు ఈ రెంటిని ఎట్లు కలుపవలెను? ఒకదాని వెనుక ఒకటి. కరెంటు రెండు వాకిండ్లను దాటిననే గాని పంపును చేరకూడదు. ఏ ఒక్క వాకిలి మూసికొనినను పంపు ఆగవలెను. ప్రక్కప్రక్కన కలిపినచో ఒకటి మూసినను రెండవ దారిన కరెంటు పోవుచునే యుండును. అప్పుడు రెండు స్విచ్చిలు పెట్టియు ఒకటియు పెట్టనట్లే. మరల చెప్పుచున్నాను, ఒకదాని వెనుక ఒకటి.

పంపు తినెడు కరెంటునంతను ఆ చిన్న ఆయిలు స్విచ్చి గుండా పంపినచో దాని లోపలి ముఖములు కొంతకాలమునకు మాడిపోవును. అందుకు రిలే యొకటి పెట్టుట మేలు. బ్యాటరీ నుండి మొదట ఫ్యూజు, అదియును బ్యాటరీకి జానెడు దూరములోనే, అటుపిమ్మట రిలే, రిలే నుండి దెబ్బ స్విచ్చి, అచ్చట నుండి పంపు. ఆయిలు స్విచ్చి రిలేకు ఆజ్ఞ మాత్రము ఇచ్చును, బరువును మోయదు. తాళపు వైరును ఇగ్నిషన్ కాయిలు దగ్గర నుండి తీసికొనవలదు; ఈ బండ్లలో ఆ వైరు కరెంటును తగ్గించి పంపుటకు ఉద్దేశింపబడినది, ఆ దారిన రిలేకు చాలినంత బలము రాదు. ఫ్యూజుల పెట్టె నుండి తీసికొనుడు.

చాలదినములు కదలని బండికి గిన్నె ఎండి స్టార్టరును కొంచెము ఎక్కువసేపు త్రిప్పవలసి వచ్చును. దానిని సహింపలేనివారు, వ్రేలు నొక్కియుంచినంతసేపే పనిచేసి, తీసినంతనే తెగెడు బొత్తామును ఒకదానిని పెట్టుకొనవచ్చును. వేసినచోటనే నిలిచియుండు మీటను మాత్రము పెట్టవలదు. మరచిపోవుట మానవ స్వభావము. ఆ మీట వేసియుండగా మీరు కట్టిన వాకిండ్లకు అర్థము లేదు.

ఒక విషయమున మిమ్ము భ్రమలో నుంచుట నాకు ఇష్టము లేదు. కరెంటును ఆపుట వేరు, పెట్రోలును ఆపుట వేరు. సీటు వెనుక నున్న ట్యాంకు చట్రము కంటె ఎత్తున నున్నది. క్రింది గొట్టము తెగినచో, పంపు ఆగియున్నను, పల్లమునకు పారుట ద్రవమునకు సహజము గనుక పెట్రోలు కొంత కారవచ్చును. కరెంటు ఉన్నప్పుడే తెరచుకొని, లేనప్పుడు మూసికొనెడు కవాటమును ట్యాంకు మొదట్లో పెట్టి, దానిని పంపు వైరుతోనే కలిపినవారు ఈ బాధను కూడ తప్పించుకొందురు. అది పెట్టినను పెట్టకున్నను, పగుళ్ళు దేరిన పాత రబ్బరు గొట్టములను మార్చకుండ స్విచ్చిల మాట తలపెట్టుట వ్యర్థము.

పని చేయు చోటును గూర్చి ఒక్క మాట. అమెరికాలో అనేక గృహములలో నీళ్ళు కాచు గ్యాసు హీటరు గ్యారేజీలోనే యుండును. పాతవానిలో అడుగున చిన్న మంట రాత్రింబగళ్ళు వెలుగుచుండును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది, నేలనంటి ప్రాకును, మీరు బండి క్రింద పరుండి పనిచేయుచుండగా మీకు తెలియకయే ఆ మంటను వెదకికొని పోవును. ఆ హీటరు మంటను నేలకు 18 అంగుళముల ఎత్తున ఉంచవలెనను నియమము ఇందుకే పుట్టినది. బండిని వెలుపలికి త్రోసికొని, బ్యాటరీ నెగటివ్ వైరును విప్పి, మంటలార్పు పరికరమును చేతికందునట్లు పెట్టుకొని గాని పెట్రోలు గొట్టమును ముట్టరాదు.

అంతయు బిగించిన పిదప పరీక్ష. తాళమును త్రిప్పుడు, స్టార్టరును త్రిప్పవలదు. పంపు నిశ్శబ్దముగా నుండవలెను. మ్రోగినచో వైరు ఎక్కడనో తప్పినది. పిమ్మట ఇంజనును నడిపింపుడు. పంపు మ్రోగుచుండగా దెబ్బ స్విచ్చిని దాని బిగింపు నుండి విప్పి, చెక్కపై గట్టిగా ఒక్కసారి కొట్టుడు. బొత్తాము ఎగిరి పంపు ఆగవలెను. ఇంజను వెంటనే ఆగలేదని కంగారుపడవలదు. గిన్నెలో మిగిలిన పెట్రోలుతో కొంతసేపు నడచి, తరువాత దగ్గి ఆగును. వినవలసినది పంపు శబ్దము, ఇంజను శబ్దము కాదు.

ఇక మిగిలినది ఇంటివారికి చెప్పుట. దెబ్బ స్విచ్చి ఒక్కొక్కప్పుడు పెద్ద గోతిలో చక్రము పడినను, బండి నిలిపిన చోట వేరొక బండి వచ్చి తగిలినను తెగవచ్చును. అప్పుడు స్టార్టరు చక్కగా తిరుగును గాని ఇంజను అందుకొనదు. ఆ సంగతి తెలియని మీ భార్యయో, కుమారుడో మెకానిక్కును పిలిపించుకొని అరపూట రోడ్డుపై నిలువవలసి వచ్చును. కనుక బండి నడుపువారందరికిని ఆ డబ్బా ఎక్కడ ఉన్నదో చూపి, బొత్తామును వారి వ్రేలితోనే నొక్కించి అలవాటు చేయుడు. నొక్కుటకు ముందు క్రిందికి దిగి, బండి చుట్టు తిరిగి, వంగి చూచి, వాసన చూడవలెనని చెప్పుడు. వాసనగాని, నేలపై తడిగాని లేనిచో నొక్కవచ్చును. ఉన్నచో బొత్తామును ముట్టక, తాళము తీసివేసి, పిల్లలను దింపుకొని దూరముగా పోయి నిలువవలెను. ఈ రెండు మాటలను తెలుగులో ఒక చీటిపై వ్రాసి, ఆ డబ్బా ప్రక్కన అంటింపుడు. బండిని అమ్మునాడు ఇంగ్లీషులో మరియొకటి వ్రాసి ఇయ్యవచ్చును.